పావు తిప్పు

ఆ వేసవిలో నేను మొదట చూసింది మా నాన్నగారి పాదాన్ని.

పాలిటెక్నిక్ ఆఖరి పరీక్షలు రాసి, హాస్టలు గది ఖాళీ చేసి, అమలాపురం నుంచి ఇంటికి వచ్చిన మూడో రోజది. రెండువేల మూడు, మే నెల. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని తూము దగ్గరికి వెళ్ళాను.

మా ఊరి చేల మురుగునీరంతా ఒక కాలువలో చేరి గోదావరి పాయలో కలుస్తుంది. కలిసే చోట తూము. సముద్రం దగ్గరే కాబట్టి పాయకి రోజుకు రెండుసార్లు పోటు. పోటు ఎక్కేటప్పుడు తూము తలుపు దించకపోతే ఉప్పునీరు కాలువలో వెనక్కి నడిచి చేలల్లో పడుతుంది. పోటు తీశాక తలుపు ఎత్తకపోతే చేల నీరు బయటికి పోదు. ఆ దించడం, ఎత్తడం నాన్నగారి ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్ళ నుంచీ. ఆఫీసు కాగితాల్లో కె. దానం, లస్కరు. ఊళ్ళో లస్కరు దానంగారు. రాత్రి పోటు పక్క తూము లస్కరు వచ్చి చూసుకునేవాడు. పగటి పోటు నాన్నగారిది.

నీటి మట్టం చూడడానికి తూము గోడ మీద ఎర్ర గీత ఒకటి ఉంది. నాన్నగారు దాన్ని చూడగా నేనెప్పుడూ ఎరగను. ఆయన పద్ధతి వేరు. రేవు మెట్ల మీద కూర్చుని కుడికాలు మూడో మెట్టు మీద పెడతారు. ఆ మెట్టూ, ఆ గీతా ఒకే ఎత్తు. నీళ్ళు వేళ్ళకి తగలగానే లేచి వెళ్ళి మర తిప్పుతారు. అంతవరకూ వల బాగుచేసుకుంటూనో, దారిన పోయేవాళ్ళతో మాట్లాడుతూనో కూర్చుంటారు. పై అధికారులు వచ్చిన రోజు మాత్రం గోడ వైపు తిరిగి నిలబడేవారు.

ఆ రోజు అన్నం తింటూ నన్ను హాస్టలు కబుర్లు అడుగుతున్నారు.

"సాంబారు ఎలా ఉండేదమ్మా?"

"పల్చగా ఉండేదండి."

"మన కాలవలాగానా?" అని తనే నవ్వుకున్నారు.

నేను ఆయన కాలు చూస్తున్నాను. నీరు వేళ్ళని దాటింది. ఆయన ముద్ద కలుపుకుంటున్నారు. నీరు పాదం మీదికి ఎక్కింది, చీలమండ మునిగింది. ఆయన మజ్జిగ ఎక్కడని అడిగారు.

"నాన్నగారండీ, నీళ్ళు."

"ఎక్కడ?"

అడిగాక కిందికి చూశారు. కాసేపు అలాగే చూసి, ఆ కాలు ఇంకెవరిదో అయినట్టు, మోకాలి కింద రెండు చేతులూ వేసి పైకి తీసుకున్నారు. ఎంగిలి చెయ్యి పంచెకి తుడుచుకుని పైకెక్కి మర తిప్పడం మొదలుపెట్టారు. తలుపు పూర్తిగా దిగడానికి ఎనభై ఆరు తిప్పులు. చిన్నప్పుడు ఆయన పక్కన నిలబడి అంకెలు నేర్చుకున్నది నేను వాటి మీదే. ఆ రోజు కూడా మనసులో లెక్కపెట్టాను. అయ్యేసరికి కాలువలో కాస్త ఉప్పునీరు వెనక్కి వెళ్ళనే వెళ్ళింది. మే నెల కాబట్టి చేలల్లో ఏమీ లేదు.

"ఎప్పట్నుంచండీ?" అని అడిగాను.

"క్రితం క్రిస్మస్ నుంచి. షుగరు కదమ్మా. చెప్పు జారిపోయినా తెలీట్లేదు."

"గీత కనిపిస్తుందాండీ?"

"ఏ గీత?" అన్నారు. తర్వాత, "అది అక్కడుందని తెలుసు కదా, చూడ్డం ఎందుకు?" అన్నారు.

నేను క్యారియరు గిన్నెలు సర్దుతున్నాను.

"డిసెంబరు దాకా లాక్కొస్తే పింఛనీతో దిగిపోతానమ్మా. ఏడు నెలలు. ఈలోగా ఎవరైనా చూసి పనికిరాడని రాసేసేరనుకో, ఇన్నేళ్ళదీ ఏమవుద్దో నాకు తెలీదు. మీ అమ్మకి చెప్పకేం."

"ఆయ్" అన్నాను.

*

మా బ్యాచి నలుగురు అమ్మాయిలం ప్రాజెక్టు కింద రాజమండ్రి షాపులో ట్రాఫిక్ దీపాల బోర్డు తయారైనది కొనుక్కున్నాం. చాలామంది చేసే పనే అది. పరీక్ష చేసేవాళ్ళకీ తెలుసు. పరీక్షలయ్యాక ఆ బోర్డు ఎవరికీ అక్కర్లేకపోయింది. నా ట్రంకుపెట్టెలో బట్టల కింద మా ఇంటికి వచ్చింది. అరచేయంత ఆకుపచ్చ పలక, మధ్యలో నలభై కాళ్ళ చిప్పు. ఎర్ర దీపం, పచ్చ దీపం వెలిగించే ప్రోగ్రాము దానిలో ఎవరు రాశారో మాకు తెలియదు. మేం రాయలేదు.

ఆ రాత్రి పడుకునే ముందే అనుకున్నాను, ఈసారి నేనే రాస్తానని.

చేయవలసిన పని చాలా చిన్నది. ఒక ప్లాస్టిక్ గొట్టంలో రెండు రాగి తీగలు మూడో మెట్టు ఎత్తులో వేలాడతాయి. నీరు వాటిని అందుకుంటే ఒక తీగ నుంచి రెండో తీగకి కరెంటు పాకుతుంది. చిప్పు సెకనుకి పదిసార్లు అటు చూడాలి. తడి అని తేలితే గంట మోగించాలి. ఒక బొత్తాం నొక్కితే ఆపాలి. అంతే. రూళ్ళ పుస్తకంలో రెండు రోజులు రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను.

మొదటిసారి రాసిన దానిలో తప్పు ఉంది. గంట మోగుతున్నంతసేపూ చిప్పు ఆ పనిలోనే కూరుకుపోయి బొత్తాం వైపు చూసేది కాదు. అమలాపురం కాలేజీలో మా సూర్యకుమారి మేడమ్ నా పుస్తకం చూసి అక్కడే వేలు పెట్టారు. చిప్పులోకి ప్రోగ్రాము ఎక్కించే మిషను ఆవిడ ల్యాబులోనే ఉంది. సెలవుల్లో కూడా నా కోసం తాళం తీశారు.

"దీనికి ఒకటే పని చేతకావడం కాదు జాస్మిన్ మనకి కావాల్సింది. టైమరు పెట్టు. ఏం చేస్తున్నా సరే, లేచి ఒకసారి అన్నీ చూసి మళ్ళీ పనిలో పడాలి. జవాబు సరైనదే అయినా వేళ దాటి వచ్చిందనుకో, అది తప్పే. రియల్ టైమ్ అంటే అదే."

"ఆయ్ మేడమ్."

"ఎవరి కోసం ఇది?"

"ఊరికే అండి. నేర్చుకుందామని."

ఆవిడ నా మొహం చూసి, పుస్తకం తిరిగి నా చేతిలో పెట్టారు.

అలల సంగతి కూడా నేనే కనిపెట్టాను. పడవ వెళ్ళినప్పుడల్లా అల వచ్చి తీగల్ని తడుపుతుంది. అందుకని వరసగా యాభైసార్లు తడి అని కనిపిస్తేనే నమ్మమని రాశాను. అంటే అయిదు సెకన్లు. అది రాసిన రోజు నా మీద నాకు చాలా మంచి అభిప్రాయం కలిగింది.

గంట మాత్రం సత్తిబాబు ఇచ్చాడు. ఊళ్ళో మోటార్లు చుట్టే షాపు అతనిది. మూతపడిన మా సినిమా హాల్లో ఇంటర్వెల్ గంట అతని అటక మీద పడుంది. లారీ బ్యాటరీకి పనిచేసేలా దాని చుట్టు మార్చి, "ఎక్కడికండీ ఇది, చర్చికా?" అన్నాడు. తూముకని చెప్పాను. "బాగుంది. మొదటాట, రెండో ఆట ఆడిస్తారండి మీ నాన్నగారు" అన్నాడు.

మే ఆఖర్లో తూము పక్క సిమెంటు స్తంభానికి మేకులు కొట్టి, చెక్కపెట్టెలో బోర్డు బిగించాం. అమ్మకి మేము చెప్పింది, చదువు మర్చిపోకుండా ఏదో చేసుకుంటున్నానని. అమావాస్య తర్వాతి పోటు. నాన్నగారూ నేనూ మెట్ల మీద కూర్చున్నాం. ఆయన అలవాటుగా కాలు మూడో మెట్టు మీద పెట్టారు. నీరు వేళ్ళని మూసింది. నేను ఒకటి, రెండు లెక్కపెడుతున్నాను. అయిదు అనేలోగా గంట మోగింది. గట్టు మీద కొంగలన్నీ ఒకేసారి లేచాయి.

నాన్నగారు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. పై ఆఫీసరెవరో పిలిచినట్టు చేతులు కట్టుకుని, స్తంభం వైపు తిరిగి, "ఆయ్! వస్తున్నానండి!" అన్నారు.

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వుతూనే వెళ్ళి మర తిప్పారు. ఎనభై ఆరు. ఒక్క చుక్క వెనక్కి పోలేదు.

*

జూనులో గంటతో చిక్కు వచ్చింది. పోటు తీసి నీరు దిగిపోయినా గొట్టంలో బురద తడి అలాగే ఉండేది. చిప్పు దాన్ని కూడా నీరే అనుకునేది. మిట్టమధ్యాహ్నం, ఒక్కోసారి పొద్దున్నే, నీరు ఎక్కడో కింద ఉండగా గంట మోగేది. నాన్నగారు గట్టు మీద ఏ కొబ్బరిచెట్టు నీడలోనో ఉండి పరిగెత్తుకొచ్చేవారు. మొద్దుబారిన కాలితో ఆయన పరుగు చూడలేకపోయేదాన్ని.

తూముకి ఆనుకుని ఉన్న చేను నూకరాజుగారిది. ఆ ఏడు మా చిన్న పేటంతటికీ నారు ఆయన మళ్ళలోనే పోశారు, ముప్పై నలభై ఎకరాల నారు. ఆయన గట్టు మీద నిలబడి అరిచేవాడు.

"దానంగారోయ్! ఇంటర్వెల్లా? సోడాలు పట్టుకురమ్మంటారా?"

"ఆయ్, పట్టుకురండి" అనేవారు నాన్నగారు రొప్పుతూ.

"ఆ గంటేదో మా అత్తగారి మెళ్ళో కట్టండి, ఇంట్లోకి వచ్చేముందు తెలుస్తది!"

పేటలో పిల్లలు కూడా గంట వినపడితే "సినిమా, సినిమా" అని అరవడం మొదలుపెట్టారు. ఆఫీసు వాళ్ళ చెవిన పడుతుందేమోనని నాన్నగారికి భయం. నాతో అనలేదు. పెట్టె మీద గోనెసంచి కప్పారు.

ప్రోగ్రాములోనే ఏదైనా దారి వెతికి ఉండవచ్చు. బురద తడికీ నిజం నీటికీ తేడా పట్టే ఉపాయం ఇంకో రెండు మూడు రోజులు కూర్చుంటే తట్టేదేమో. కానీ మళ్ళీ అమలాపురం వెళ్ళాలి, మేడమ్‌ని అడగాలి. బోర్డు మీద చిన్న మర ఒకటి ఉంది, ఆవగింజంత. స్క్రూడ్రైవరుతో దాన్ని తిప్పితే, తీగల మధ్య ఎంత కరెంటు పాకితే నీరని ఒప్పుకోవాలో ఆ హద్దు మారుతుంది. నేను దాన్ని పావు తిప్పు తిప్పాను. తీగలకి బురద పూసి చూశాను, మోగలేదు. రేవులోంచి నీళ్ళు ముంచి గొట్టాన్ని బక్కెట్లో పెట్టాను, మోగింది. పదిసార్లు పెట్టి తీశాను. పదిసార్లూ సరిగ్గా మోగింది.

ఆ తర్వాత గంట ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. నూకరాజుగారు వెక్కిరించడం మానేసి, "గంటైందండీ, భోజనానికి లేవండి" అని కూలీలకి చెప్పే స్థితికి వచ్చాడు. నాన్నగారు మెట్ల మీద కూర్చోవడం మానేశారు. స్తంభం నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చునేవారు. కాలికి చెమ్మ తగలకపోవడంతో మడమ దగ్గర పగుళ్ళు కూడా కొంచెం మానాయి.

*

జూలై మూడో వారంలో పాయ రంగు మారింది. పైన వానలు పడి గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఏటా వచ్చేదే. మా వైపు ఆడవాళ్ళు ఎదురుచూసే నీరది. బావుల్లో ఉప్పుచప్పని నీటికి పప్పు ఉడకదు. ఎర్రనీరు కడవలో తేర్చుకుంటే రెండు పొంగులకే ఉడికిపోతుంది.

శుక్రవారం పొద్దున్న అమ్మ నాకు బిందె ఇచ్చింది. "రేవులో నీళ్ళు తీపయ్యాయంట. పెద్ద బిందెడు తీసుకురావే. ఈవేళన్నా పప్పు మెత్తగా తిందాం."

నేను తూము మెట్ల దగ్గరే ముంచాను. బిందె నిండేదాకా పైన స్తంభానికున్న నా పెట్టెని చూస్తూ నిలబడ్డాను. దోసిలితో తాగాను కూడా. మట్టి వాసన, చల్లదనం. ఉప్పు అన్నదే లేదు. ఇంటికి వచ్చాను. పప్పు మెత్తగా ఉడికింది. అందరం తిన్నాం.

ఆదివారం మా చర్చిలో సంస్కారపు ఆరాధన, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. నాన్నగారు ఆదివారపు ఆరాధనకి వచ్చి రెండేళ్ళు దాటింది. పోటు ఎప్పుడొస్తే అప్పుడు ఉండాలి కాబట్టి ఎప్పుడైనా సాయంత్రం ఒక్కరే వెళ్ళి కూర్చుని వచ్చేవారు. అమ్మ పొద్దున్నే ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది. ప్రతి సంస్కారానికీ అలాగే వేసేది, మధ్యాహ్నం మళ్ళీ మడతపెట్టేది.

"ఈసారి రండి నాన్నగారూ" అన్నాను.

"ఈవేళొద్దులేమ్మా. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తేరంట, రేడియోలో చెప్పేరు."

"పోటు ఎన్నింటికండీ?"

ఆయన వేళ్ళ మీద తిథి లెక్క కట్టారు. "ఒంటిగంట దాటేక."

"ఆరాధన పదకొండున్నరకి అయిపోతుంది కదండీ. వరద నీరు ముందే ఎక్కినా గంట ఉంది. చర్చిలోకి వినబడుతుంది. నేను కిటికీ పక్కన కూర్చుంటాను."

అమ్మ వంటింటి గుమ్మంలోంచి వింటోంది.

"గంట ఉందంటావు" అన్నారు నాన్నగారు.

"ఉందండి."

ఆయన చొక్కా తొడుక్కున్నారు. బొత్తాలు నేను పెట్టాను. వేళ్ళకీ తిమ్మిరి మొదలైందని ఆ రోజే తెలిసింది.

చర్చి తూముకి రెండు ఫర్లాంగుల దూరం. నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. పాటల మధ్య, ప్రసంగం మధ్య చెవి బయటే పెట్టుకున్నాను. కాకులు, ఎవరిదో మోపెడ్. రొట్టె తీసుకోవడానికి నాన్నగారు వరసలో నడుస్తుంటే అమ్మ తల దించుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. గంట మోగలేదు. మోగనందుకు నాకు సంతోషంగా ఉంది.

ఆరాధన ఇంకా అవలేదు. నూకరాజుగారి పాలేరు గుమ్మం బయట చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు.

"దానంగారండీ. నారుమళ్ళు మునిగిపోతన్నాయండి."

మేము వెళ్ళేసరికి మూడో మెట్టు లేదు. రెండో మెట్టు కూడా లేదు. ఎర్రనీరు చప్పుడు లేకుండా తూములోంచి కాలువలోకి, కాలువలోంచి మళ్ళలోకి వెనక్కి నడుస్తోంది. నా గొట్టం సగం పైగా నీటిలో మునిగి ఉంది. పైన పెట్టెలో చిన్న పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. అంటే చిప్పు పనిచేస్తోంది. సెకనుకి పదిసార్లు అటే చూస్తోంది. పదిసార్లూ పొడి అనుకుంటోంది.

నాన్నగారు తెల్లచొక్కాతోనే మర పట్టుకున్నారు. ఇరవై తిప్పుల దాకా తిరిగింది. ఆ తర్వాత నీటి తోపుకి తలుపు బిగుసుకుపోయింది. నూకరాజుగారూ, ఇంకో ఇద్దరూ పట్టారు. ఒకాయన నడుంలోతు దిగి తలుపుని కాళ్ళతో తన్నాడు. నాన్నగారు కూడా దిగారు. నలభై దగ్గర ఆగిపోయింది. ఇక కదల్లేదు.

నేను గట్టు మీద నిలబడి లెక్కపెడుతూనే ఉన్నాను.

*

అది పెద్ద వరదేమీ కాదు. పేపర్లో కూడా పడలేదు. నాలుగు రోజులు ఉండి తీసింది. మళ్ళలో నారు మాత్రం నాలుగు రోజుల్లో పసుపుపచ్చగా పడుకుంది. పేటలో ఎవరి ఊడ్పులూ వేళకి కాలేదు.

బుధవారం ఆఫీసు నుంచి జీపులో ఏఈగారు వచ్చారు. నాన్నగారు తెల్లారుజామునే వెళ్ళి పెట్టె, గంట, గొట్టం అన్నీ ఊడదీసి గోనెసంచిలో పెట్టుకొచ్చేశారు. స్తంభం మీద పెట్టె ఉన్నమేర సిమెంటు తెల్లగా కనిపిస్తోంది. నాలుగు మేకులు అలాగే ఉన్నాయి. నేను అమ్మతో పాటు గట్టు మీద నిలబడ్డాను.

"ఏమయ్యా దానం, ఎక్కడున్నావ్ ఆదివారం?"

"చర్చికి వెళ్ళేనండి."

"డ్యూటీ వదిలేసి?"

"ఆయ్ అండి."

"వరద వస్తోందని కబురు చేశామా లేదా?"

"చేసేరండి."

"మరి? రెండేళ్ళ నుంచి రానివాడివంట కదా, ఊళ్ళో చెప్పారు. సరిగ్గా ఆ రోజే గుర్తొచ్చాడా దేవుడు?"



నేను ఒక అడుగు ముందుకు వేశాను. "సార్, అది కాదండీ..."

"నువ్వుండమ్మా." నాన్నగారు నా వైపు తిరగనైనా లేదు. "పిల్లకి తెలీదండి. ఇంట్లో వద్దన్నా నేనే వెళ్ళేనండి."

ఏఈగారు స్తంభం వైపు చూశారు. "ఆ మేకులేంటి?"

"గొడుగు తగిలించుకుంటానండి."

నూకరాజుగారు అక్కడే ఉన్నాడు. గంట సంగతి ఆయనకి తెలుసు. నెల రోజుల పాటు ఆ గంట వినే కూలీల్ని భోజనానికి లేపాడు. ఆయన నోరు తెరిస్తే ఇంకేమేం బయటికొస్తాయో నాకు అర్థమైంది. గంట ఎందుకు పెట్టారంటారు, కళ్ళు పరీక్ష చేయించమంటారు, ఎప్పట్నుంచి అంటారు. నూకరాజుగారు నాన్నగారి మొహం చూశాడు. తర్వాత తన మళ్ళ వైపు చూశాడు.

"మేకులేనండి. ఎప్పట్నుంచో ఉన్నాయి" అన్నాడు. కాసేపటికి, నాన్నగారికి వినపడేలా, "నా నారు పోయింది దానంగారూ" అన్నాడు.

"ఆయ్" అన్నారు నాన్నగారు.

జీపు వెళ్ళిపోయాక ఇంటికి నడిచాం. ఆయన ఎడంకాలి చెప్పు దగ్గర దారి మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆదివారం తలుపు అంచు తగిలి బొటనవేలు కింద చీలిందట. మూడు రోజులుగా ఆయనకి తెలియదు.

*

ఆ సాయంత్రం నేను బోర్డు బల్ల మీద పెట్టి, గొట్టాన్ని అమ్మ తేర్చిన ఎర్రనీటి కడవలో ముంచాను. మోగలేదు. గుప్పెడు ఉప్పు వేసి కలిపాను. మోగింది. ఇల్లంతా అదిరింది. బొత్తాం నొక్కి ఆపాను.

నాన్నగారు మంచం మీద ఉన్నారు. కాలికి గుడ్డ కట్టి ఉంది. తప్పు దొరికిందని చెప్పాను. మొదట్లో ఉన్నట్టే వదిలేసి ఉంటే ఈ నీటికీ మోగేదని, బురదకి మోగుతోందని మర పావు తిప్పు తిప్పానని, అప్పుడు ఉప్పునీటితోనే పరీక్ష చేశానని, ఉప్పు లేని నీటిలో కరెంటు అంతగా పాకదని చెప్పాను. మేడమ్‌కి అప్పజెప్పినట్టు వివరంగా చెప్పాను.

ఆయన అంతా విన్నారు.

"ఎర్రనీరొస్తే ఉప్పుండదు కదమ్మా" అన్నారు. కోపంగా కాదు. "ఆషాఢం వస్తే నీళ్ళు తీపవుతాయని నీకూ తెలుసు. నన్నొకసారి అడగాల్సింది."

నేను శుక్రవారం నాటి బిందె గురించి చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

*

సస్పెన్షను కాగితం ఆగస్టు మొదట్లో వచ్చింది. ఎంక్వైరీ అన్నారు. నాన్నగారు దిగిపోవలసిన డిసెంబరు ఆ ఎంక్వైరీలోనే వచ్చి వెళ్ళింది. దానికి ముందే కాకినాడ ఆసుపత్రిలో బొటనవేలు, పక్క వేలు తీసేశారు. అమ్మ కొబ్బరిపీచు యార్డులో పనికి కుదిరింది. నాకు రాజమండ్రిలో ఎలక్ట్రానిక్ కాటాలు చేసేచోట ఉద్యోగం వచ్చింది, ఆగస్టు ఆఖరికి చేరమన్నారు. కొత్త కాటా ఏది చేతికొచ్చినా ఇప్పటికీ ఖాళీగా ఒకసారి, బరువుతో ఒకసారి, తడి గుడ్డతో ఒకసారి చూస్తాను. మిగతావాళ్ళు నవ్వుతారు.

వెళ్ళబోయే ముందు వారం, కొత్తగా వేసిన లస్కరు పోతురాజు మా ఇంటికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకండి. ఆ గంటేదో మీ దగ్గరుందంట. నూకరాజుగారు చెప్పేరు. నాకీ పోటు లెక్కలు ఇంకా పట్టుబళ్ళేదండి."

నేను నాన్నగారి వైపు చూశాను.

"సరిచేసి ఇవ్వమ్మా" అన్నారు ఆయన.

ఈసారి తీగలు తీసేశాను. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాని గొట్టంలో వదిలాను. నీరు ఎక్కితే డబ్బా తేలుతుంది, తేలి పైనున్న స్విచ్చిని నొక్కుతుంది. ఉప్పైనా తీపైనా బురదైనా దానికి ఒకటే. అంత తేలిక. మేలోనే చేసి ఉండవచ్చు. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చనక్కర్లేకపోయింది.

పోతురాజు నిచ్చెన పట్టుకున్నాడు. పాత మేకులకే పెట్టె తగిలించాను.

మర్నాడు మధ్యాహ్నం నేను ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాను. అమ్మ పనిలోంచి ఇంకా రాలేదు. నాన్నగారు వరండాలో మంచం మీద, కట్టు ఉన్న కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నారు. నిద్రపోయారనుకున్నాను.

దూరంగా గంట మోగింది. సరిగ్గా మోగవలసిన వేళకే.

"ఆయ్" అన్నారు నాన్నగారు, మెల్లగా. లేవలేదు.

కాసేపటికి ఆయన పెదవులు కదలడం చూశాను. పోతురాజు తిప్పే తిప్పులు లెక్కపెడుతున్నారు. ఇంతదూరం మర చప్పుడు వినపడదు. అయినా ఎనభై ఆరు దాకా లెక్కపెట్టి, అప్పుడు అటు పక్కకి తిరిగి పడుకున్నారు.